ఒకే పేరాలోని రెండు వాక్యాలు: సిరంజిల పంపిణీపై ఒక కేస్ స్టడీ

మత్తు ఇంజెక్షన్లు తీసుకునేవారికి కొత్త సిరంజిలు ఇచ్చే ఒక సంస్థలో ఆ రోజు కార్యవర్గ సమావేశం. బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి. ఒకదాని మీద పసుపు గీత పెట్టిన వాక్యం: సిరంజిలు సమృద్ధిగా అందిన చోట హెపటైటిస్ సి సోకే ముప్పు 76 శాతం తగ్గింది. రెండోదాని మీద ఎర్ర సిరాతో గీసిన వాక్యం: సిరంజిలు సమృద్ధిగా అందినా ఆ ముప్పు తగ్గలేదు. మొదటిది సంస్థ కార్యదర్శి తెచ్చారు. రెండోది కార్యవర్గంలో అందరికన్నా పెద్దాయన, ఉద్యోగ విరమణ చేసిన అధికారి తెచ్చారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే సిస్టమాటిక్ రివ్యూలోవి, అంటే ఒక ప్రశ్నపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ వెతికి తూకం వేసిన సమీక్షలోవి. ఒకే పేరాలోవి. ఒకదాని వెంట ఒకటి వచ్చే వాక్యాలు.

"ఇద్దరిలో ఎవరిది సరైన మాటో మీరే తేల్చాలి డాక్టరు గారూ" అన్నారు పెద్దాయన.

నేను కమ్యూనిటీ మెడిసిన్ వైద్యురాలిని. విశాఖపట్నంలో మత్తు వ్యసనానికి చికిత్స చేసే కేంద్రాలకు పరిశోధనలు చదివిపెట్టి, ఏది ఎంతవరకు నమ్మవచ్చో చెప్పడం నా పనిలో ఒక భాగం. ఆ ప్రశ్నకు నేను మొదట ఇచ్చిన జవాబు తప్పుదారి పట్టించింది. అందులో అంకెలన్నీ సరైనవే, మాట తప్పు. అది ఎక్కడ తప్పిందో, ఎలా దిద్దుకున్నామో ఇదే పని చేసేవారి కోసం పూర్తిగా రాస్తున్నాను. వ్యక్తుల ఆనవాళ్లు మార్చాను.

నేపథ్యం

మన వైపు మాదకద్రవ్యం అనగానే మన్యం గంజాయే గుర్తుకొస్తుంది. ఇంజెక్షన్ రూపంలో మత్తు తీసుకునేవారి ఊసు తక్కువ. కేంద్ర ప్రభుత్వం 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే దేశంలో అలాంటివారు సుమారు 8.5 లక్షల మంది ఉంటారని అంచనా వేసింది. మా కేంద్రం గుమ్మం తొక్కేవారిలో చాలామంది పెంటాజోసిన్ వాడేవారు. నొప్పి తగ్గడానికి ఇచ్చే మందు అది, చిన్న గాజు ఆంప్యూల్‌లో వస్తుంది.

ఒక అబ్బాయి గురించి చెప్పాలి. ఇరవై నాలుగేళ్లు. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు పెట్టెలు మోసే పని. మొదటిసారి వచ్చినప్పుడు లుంగీ పైకి లాగి తొడ చూపించాడు. చర్మం కింద కండ కర్రలా గట్టిపడి ఉంది. వేలితో నొక్కితే దిగలేదు. నడుమ మానని పుండు. పెంటాజోసిన్ పదే పదే పొడిచిన చోట కండ ఇలాగే బిగుసుకుపోతుంది. తొడలో చోటు లేక చేతి నరంలోకి మారాడు. ముగ్గురు స్నేహితులకు ఒకటే సిరంజి. ఒకరు వాడాక నీళ్ల సీసా మూతలో కడిగి మరొకరికి ఇచ్చేవారు. అప్పటికి అతనికి హెచ్ఐవీ లేదు, హెపటైటిస్ సి కూడా లేదు.

ఆ మూత గురించి ఒక మాట చెప్పాలి. హెపటైటిస్ సి వైరస్ సిరంజిలో మిగిలిన రక్తపు చుక్కలో వారాల తరబడి బతకగలదు. ప్రయోగశాలలో 63 రోజుల దాకా బతికింది. సూది కొత్తదైనా, కడిగిన నీళ్లూ మూతా పాతవైతే దారి తెరిచే ఉంటుంది. హెచ్ఐవీ కన్నా హెపటైటిస్ సిని సిరంజిలతో ఆపడం కష్టం కావడానికి ఇదొక కారణం. పరిశోధన ఫలితాలు చదివేటప్పుడు ఈ మూత నా కళ్ల ముందే ఉంటుంది.

సంస్థ ఒక దాత ఇచ్చిన డబ్బుతో కొన్ని నెలలుగా కొత్త సిరంజిలు ఇచ్చి, వాడినవి పెట్టెలో వెనక్కి తీసుకుంటోంది. ఆ డబ్బు అయిపోయింది. సొంత నిధులతో కొనసాగించాలా, మానాలా అన్నదే ఆ రోజు చర్చ. సూదులు ఇస్తే వ్యసనాన్ని మనమే పెంచినట్టు కాదా అన్న మాటా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లోనే ఈ విషయం పరిశీలించి, అలాంటి చెడు ఫలితాలకు నమ్మదగిన ఆధారం లేదని చెప్పింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో సిరంజిల పంపిణీ ఒక భాగం. అక్కడితో ఆ మాట ఆగింది. ఆ రెండు కాగితాల తగవే మిగిలింది.

నేను రాసిన మొదటి నోట్

వారం గడువు అడిగాను. ఆ రివ్యూ, వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ 2017లో ప్రచురించినది. సూది సిరంజిల పంపిణీ, ఓపియాయిడ్ ప్రత్యామ్నాయ చికిత్స (మత్తు ఇంజెక్షన్‌కు బదులు వైద్యుల పర్యవేక్షణలో మందు ఇవ్వడం) అంటే ఓఎస్‌టీ, ఈ రెండూ హెపటైటిస్ సి సోకకుండా ఎంతవరకు ఆపుతాయన్నది దాని ప్రశ్న. చదివి ఒక పేజీ నోట్ ఇచ్చాను. అందులో కీలక వాక్యం ఇది: "సిరంజిల పంపిణీ ఫలితంపై సాక్ష్యం నాణ్యత అతి తక్కువ."

రివ్యూలో ఉన్న మాటనే తెలుగులో పెట్టాను. కానీ "నాణ్యత అతి తక్కువ" అని చదివిన కార్యవర్గానికి తట్టిన అర్థం వేరు. నాసిరకం పరిశోధన, కాబట్టి పనికిరాని పథకం అనుకున్నారు. వారిది తప్పు కాదు. బజారులో నాణ్యత తక్కువ అంటే కొనవద్దనే కదా అర్థం. సిరంజిల కొనుగోలు వాయిదా పడింది. రెండు నెలల పాటు డ్రాప్-ఇన్ సెంటర్‌లోని సిరంజిల పెట్టె ఖాళీగా ఉంది.

రెండోసారి చదవడం

పెట్టె ఖాళీ అయిందని మా పీర్ ఎడ్యుకేటర్ (ఒకప్పుడు తానూ మత్తు తీసుకుని, ఇప్పుడు తోటివారికి సాయపడేవాడు) ఫోను చేసి చెప్పిన రోజు రాత్రి రివ్యూను మళ్లీ తెరిచాను, ఈసారి ఆమ్‌స్టార్ 2 ప్రశ్నావళి పక్కన పెట్టుకుని. సిస్టమాటిక్ రివ్యూను ఎంత పద్ధతిగా చేశారో కొలిచే సాధనం అది. 2007లో వచ్చిన మొదటి రూపంలో 11 ప్రశ్నలుండేవి. అది ప్రధానంగా యాదృచ్ఛిక పరీక్షలను (ఎవరికి చికిత్స అందాలో చీటీ వేసినట్టు నిర్ణయించే ప్రయోగాలను) సమీక్షించే రచనల కోసం చేసినది. 2017లో వచ్చిన రెండో రూపంలో 16 ప్రశ్నలు. ఇది యాదృచ్ఛికం కాని అధ్యయనాలకూ వర్తిస్తుంది. వ్యసనం మానకపోయినా దాని వల్ల కలిగే హానిని తగ్గించే మా రంగానికి ఇది చాలా పెద్ద మార్పు. కొందరికి శుభ్రమైన సూది ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా, ఎవరికి జబ్బు వస్తుందో చూస్తామంటే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది? మనకు దొరికేవి చాలావరకు జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలే.

ఆ 16లో ఏడింటిని కీలకమైనవిగా గుర్తించారు. పని మొదలుపెట్టకముందే ప్రణాళిక రాసి నమోదు చేశారా, వెతుకులాట సమగ్రంగా ఉందా, వదిలేసిన అధ్యయనాల పేర్లు, వదలడానికి కారణాలు చెప్పారా, ఒక్కో అధ్యయనంలోని పక్షపాత ముప్పును (చేసిన తీరు వల్లే ఫలితం ఒకవైపు ఒరిగే అవకాశాన్ని) సరిగ్గా అంచనా వేశారా, ఫలితాలను కలిపిన లెక్క సరైనదా, ఆ ముప్పును దృష్టిలో పెట్టుకునే ముగింపు రాశారా, ప్రచురణకు నోచుకోని ఫలితాల వల్ల చిత్రం మారుతుందేమో చూశారా అన్నవి ఆ ఏడు. వీటిలో ఒక్కటి తప్పినా ఆ రివ్యూపై నమ్మకం "తక్కువ". ఒకటికి మించి తప్పితే "మరీ తక్కువ". మార్కులు కూడి సగటు తీయవద్దని తయారుచేసినవారే చెప్పారు. పునాదిలో పగులుంటే గోడలకు వేసిన సున్నం దాన్ని పూడ్చదు.

వీటిలో నేను మొదట తిప్పి చూసే పేజీ వదిలేసిన అధ్యయనాల జాబితా. మా రంగంలో ప్రతి ఒక్కరికీ ముందే ఒక అభిప్రాయం ఉంటుంది. సూదులు ఇవ్వాలనేవారు, ఇవ్వకూడదనేవారు ఇద్దరూ మనసారా నమ్మేవారే. తమకు నచ్చని ఫలితాన్ని ఏ సాకుతో పక్కన పెట్టారో ఆ జాబితాలో బయటపడుతుంది. చాలా రివ్యూల్లో అది ఉండనే ఉండదు. పెట్టెల బొమ్మ ఒకటి గీసి, ఇన్ని చదివాం, ఇన్ని వదిలాం అని అంకెలు వేసి ఊరుకుంటారు.

కాక్రేన్ రివ్యూ ఈ పరీక్షలో నిలబడింది. ముందస్తు ప్రణాళిక ఉంది, వదిలేసినవాటి జాబితా ఉంది. తీసుకున్న 28 అధ్యయనాల్లో 7 ప్రచురితం కానివి, పరిశోధకులను అడిగి తెచ్చుకున్నవి. ఆ శ్రమ నాకు చాలా గౌరవం కలిగించింది. పక్షపాత ముప్పును దాచలేదు. 28లో రెండింటికి మాత్రమే మధ్యస్థ ముప్పు, 17కు తీవ్రమైన ముప్పు, 7కు అతి తీవ్రమైన ముప్పు ఉందని, మిగిలిన రెండింటికి అంచనా వేయడానికి తగిన సమాచారం లేదని రాశారు.

నా నోట్‌లోని లోపం అప్పుడు కనబడింది. ఈ రివ్యూ చాలా బాగా చేసిన రివ్యూ. అది తూకం వేసిన సాక్ష్యం బలహీనమైనది. ఈ రెండు సంగతులనూ "నాణ్యత" అనే ఒక్క మాటలో కుక్కేశాను. తక్కెడ సరైనదే, అందులో పెట్టిన ధాన్యం తక్కువ. నా నోట్ చదివినవారు తక్కెడే దొంగదనుకున్నారు. తక్కెడ మంచిదని తెలిసుంటే అది చూపించిన ప్రతి అంకెనూ శ్రద్ధగా చూసేవారు.

ఇక ఆ రెండు వాక్యాలు. ఉత్తర అమెరికా, యూరప్‌లలో జరిగిన ఐదు అధ్యయనాలను కలిపినప్పుడు, సిరంజిలు సమృద్ధిగా అందినవారిలో ముప్పు నిష్పత్తి 0.79 (1 అంటే తేడా లేదు, అంతకన్నా తక్కువైతే ముప్పు తగ్గినట్టు). దాని విశ్వసనీయ అవధి 0.39 నుంచి 1.61 వరకు. అంటే ముప్పు 61 శాతం తగ్గి ఉండవచ్చు, 61 శాతం పెరిగి ఉండవచ్చు, ఈ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. "తగ్గలేదు" అని తేల్చిన ఫలితం కాదిది. ఏమీ తేల్చలేకపోయిన ఫలితం. అధ్యయనాల మధ్య పొంతన కూడా లేదు. ఆ తేడాను కొలిచే అంకె 77 శాతం. అందుకని ప్రాంతాలవారీగా విడదీశారు. యూరప్‌వి మాత్రమే చూస్తే నిష్పత్తి 0.24, అవధి 0.09 నుంచి 0.62. కార్యదర్శి గారి 76 శాతం అక్కడి నుంచి వచ్చింది. ఇద్దరూ అబద్ధం తేలేదు. ఇద్దరూ ఒక్కో వాక్యమే తెచ్చారు.

ఒకే పనికి రెండు ఖండాల్లో ఇంత తేడా ఎందుకు? ఒక సమాధానం "సమృద్ధిగా" అన్న మాటలోనే ఉంది. కొన్ని అధ్యయనాల్లో దానికి అర్థం కేంద్రానికి క్రమం తప్పకుండా రావడం. మరికొన్నింటిలో తీసుకునే ప్రతి ఇంజెక్షన్‌కూ ఒక కొత్త సిరంజి అందడం. వారానికోసారి వచ్చి రెండు సిరంజిలు తీసుకెళ్లేవాడూ, రోజుకు రెండు చొప్పున తీసుకెళ్లేవాడూ మొదటి లెక్కలో ఒకటే. పొడిచేది మాత్రం ఇద్దరూ వారానికి పద్నాలుగుసార్లు.

చెడ్డ అధ్యయనాలు మంచి ఫలితాన్ని కప్పేయడం

పెద్దాయన రెండో సమావేశానికి మరో కాగితం తెచ్చారు. కెనడాలోని మాంట్రియల్‌లో 1997లో వచ్చిన అధ్యయనం అది. సూది మార్పిడి కేంద్రాలకు వెళ్లినవారిలో, వెళ్లనివారికన్నా హెచ్ఐవీ ఎక్కువగా సోకింది. ఈ ఫలితాన్ని ఎంతోమంది ఎంతో కాలం ఎత్తి చూపారు.

ఆయనకు నేను ఇలా చెప్పాను: "మన పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో చనిపోయేవారు వీధి చివరి క్లినిక్‌లో కన్నా ఎక్కువ. అందుకని ప్రమాదంలో దెబ్బ తగిలినవాణ్ని క్లినిక్‌కే తీసుకెళతామా?" ఆయన కాసేపు ఆలోచించి, "వెళ్లేవాడి పరిస్థితే వేరు కదా" అన్నారు. అదే. సూది మార్పిడి కేంద్రానికి వచ్చేవాడు సాధారణంగా ఎక్కువసార్లు పొడుచుకునేవాడు, కొనుక్కునే స్తోమత లేనివాడు, ఎక్కువ ప్రమాదకరమైన స్నేహాల్లో ఉన్నవాడు. ఈ తేడాను లెక్కలో సరిచేయకపోతే, ఆదుకున్న చెయ్యే ముంచిన చెయ్యిగా కనబడుతుంది.

హెచ్ఐవీపై 2014లో వచ్చిన మరో రివ్యూ దీన్ని అంకెల్లో చూపింది. 12 అధ్యయనాలను కలిపితే నిష్పత్తి 0.66, అవధి 0.43 నుంచి 1.01. మెరుగైన పద్ధతితో చేసిన ఆరింటిని మాత్రమే తీసుకుంటే 0.42, అవధి 0.22 నుంచి 0.81. బలహీనమైన అధ్యయనాలు తీసేస్తే ప్రయోజనం తగ్గలేదు, ఇంకా స్పష్టమైంది. మామూలుగా వైద్య పరిశోధనలో పద్ధతి బిగిసేకొద్దీ ప్రయోజనం కుంచించుకుపోవడం చూస్తాం. ఇక్కడ అందుకు విరుద్ధంగా జరిగింది. అందుకే మా రంగంలో పక్షపాత ముప్పును అంచనా వేయని రివ్యూ చదవడం నాకు భయం. అందులోని తప్పు ఎటువైపు లాగుతోందో కూడా తెలియదు.

తప్పు పద్ధతి ఎంత దూరం పోగలదో చెప్పడానికి 2018 నాటి ఉదంతం ఒకటి చాలు. వైద్య పర్యవేక్షణలో ఇంజెక్షన్ తీసుకునే కేంద్రాలపై ఒక మెటా-అనాలిసిస్, అంటే చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి కట్టిన లెక్క, అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. ఆ కేంద్రాల ప్రభావం చాలా స్వల్పమని చెప్పింది. వేర్వేరు రకాల ఫలితాలను కలిపి ఒకే ముద్దగా లెక్క కట్టడం పద్ధతి లోపమని తేలి, అదే ఏడాది దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈలోపు అది వార్తల్లోకి వెళ్లింది. వెనక్కి తీసుకున్న కబురు అంత దూరం వెళ్లదు.

మనవారు ఎవరైనా ఉన్నారా?

కొత్త నోట్ రాసే ముందు మా పీర్ ఎడ్యుకేటర్‌ను కూర్చోబెట్టి అంతా వివరించాను. అతను పన్నెండేళ్లు ఇంజెక్షన్లు తీసుకుని మానేసినవాడు. శ్రద్ధగా విని ఒకే ప్రశ్న అడిగాడు: "మేడమ్, ఆ 28 చోట్లలో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

లేరు. ఉత్తర అమెరికా నుంచి 13, బ్రిటన్ నుంచి 5, మిగతా యూరప్ నుంచి 4, ఆస్ట్రేలియా నుంచి 5, చైనా నుంచి 1. మన దేశం నుంచి ఒక్కటీ లేదు. ఆమ్‌స్టార్ 2లోని 16 ప్రశ్నల్లో దేనికీ ఈ జవాబు అక్కర్లేదు. రివ్యూ ఎంత చక్కగా చేసినా ఈ ఖాళీ అలాగే ఉంటుంది. అక్కడివారు ఎక్కువగా వాడేది హెరాయిన్, కొకైన్. మావాళ్లది పెంటాజోసిన్. అక్కడి వ్యవస్థ వేరు, పోలీసు భయం వేరు. వైరస్ మాత్రం ఒకటే. సిరంజిలోని రక్తపు చుక్క ఒకటే. కాబట్టి సిరంజి ఎలా పనిచేస్తుందన్నది ఇక్కడికీ వర్తిస్తుంది, ఎంత శాతం పనిచేస్తుందన్నది అక్కడి నుంచి అరువు తెచ్చుకోలేం. నోట్‌లో ఇదే రాశాను.

రెండో నోట్‌లో "నాణ్యత" అన్న మాట ఎక్కడా లేదు. సమీక్ష నమ్మదగినది అని ఒక వాక్యం. అది చూసిన అధ్యయనాలు గట్టివి కావు, అందుకు కారణం ఇలాంటి విషయంలో గట్టి ప్రయోగం చేయడం న్యాయం కాకపోవడం అని ఒక వాక్యం. సిరంజిలు మాత్రమే ఇస్తే హెపటైటిస్ సిపై ప్రభావం ఎంతో తేలలేదు, హెచ్ఐవీపై ప్రయోజనం ఉన్నట్టు మెరుగైన అధ్యయనాలు చెబుతున్నాయి అని ఒకటి. ఆ తర్వాత, మొదటి నోట్‌లో నేను పూర్తిగా వదిలేసిన సంగతి.

అదే కాక్రేన్ రివ్యూలో ఓఎస్‌టీలో ఉన్నవారికి హెపటైటిస్ సి సోకే ముప్పు సగానికి తగ్గింది. 12 అధ్యయనాలు, వాటి మధ్య పొంతనలేమి సున్నా. ఓఎస్‌టీ, సమృద్ధిగా సిరంజిలు రెండూ కలిసినప్పుడు 74 శాతం తగ్గింది. ఇది మూడు అధ్యయనాల మాటే, అవధి విశాలమే, అయినా దారి అటే చూపిస్తోంది. సిరంజిలా, చికిత్సా అని రెండు నెలలు వాదించుకున్నాం. రెండింటినీ కలపమని ఆ కాగితమే చెబుతోంది. 2017లోనే వచ్చిన మరో రివ్యూ ఓఎస్‌టీలో వాడే బ్యూప్రెనార్ఫిన్ అనే మందు తీసుకుంటున్న కాలంలో ఏడాదికి వెయ్యి మందిలో 4.3 మరణాలు, మానేసిన కాలంలో 9.5 మరణాలు చూపింది. ఇవీ గమనించి తేల్చిన అంకెలే. మానేసినవారి పరిస్థితి మొదటి నుంచే వేరై ఉండవచ్చు. అయినా ఒక మనిషిని చికిత్సలో నిలబెట్టడానికి కేంద్రానికి రప్పించే కారణం కావాలి. మావాళ్లను గుమ్మం దాకా రప్పిస్తున్నది ఆ సిరంజిల పెట్టె.

పెద్దాయన నోట్ రెండుసార్లు చదివారు. "ఇది మొదటిసారే ఇలా రాసి ఉంటే ఆపేవాణ్ని కాదమ్మా" అన్నారు. కొనుగోలుకు మొదటి సంతకం ఆయనదే.

ప్రస్తుత స్థితి

హార్బర్ అబ్బాయి పెట్టె ఖాళీగా ఉన్న రోజుల్లో రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్లాడని రిజిస్టర్‌లో ఉంది. మళ్లీ పరీక్ష చేసినప్పుడు హెపటైటిస్ సి పాజిటివ్ వచ్చింది. ఆ రెండు నెలల్లోనే సోకిందని నేను చెప్పలేను. సిరంజిలు ఉన్న కాలంలోనే ఆ నీళ్ల మూత నుంచి సోకి ఉండవచ్చు. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదని ఇతరులకు చెప్పేదాన్ని, అతని కాగితం చేతిలో పట్టుకుని అదే మాట నాకు నేను చెప్పుకోవడం చాలా కష్టమైంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ సికి మందులు ఉచితం. వాటితో చాలామందికి నయమవుతుంది. నయమైనా మళ్లీ సోకకుండా శరీరానికి రక్షణ ఏర్పడదు, అందుకే మందులు వాడుతున్నా అతనికి సిరంజిలు ఇస్తూనే ఉన్నాం. మా మానసిక వైద్యుడు బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టారు. రోజూ ఉదయం హార్బర్ పని ముగించుకుని వచ్చి, నాలుక కింద మాత్ర పూర్తిగా కరిగేదాకా బెంచీ మీద కూర్చుంటాడు.

రిజిస్టర్‌లో ఇప్పుడు రెండు కొత్త గళ్లు గీశాం. ఈ వారం ఎన్నిసార్లు పొడుచుకున్నాడు, ఎన్ని కొత్త సిరంజిలు తీసుకున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి చేరాలని చెప్పే ఏడాదికి మనిషికి 300 సిరంజిలు అన్నది మొత్తం కార్యక్రమానికి లక్ష్యం. రోజుకు రెండుసార్లు పొడుచుకునేవాడికి 730 కావాలి. మూడో గడిని పీర్ ఎడ్యుకేటర్ తనంతట తానే చేర్చాడు: కడిగే నీళ్లు ఎవరివి. పోయిన వారం ఆ అబ్బాయి వరుసలో మొదటి గడిలో 3, రెండో గడిలో 5, మూడో గడిలో "సొంతవి" అని ఉంది.